మందును నేల ఎంత పట్టుకుంటుంది?
కలుపు మందుల అధిశోషణ: కొలిచే విధానం, అన్వయించే తీరు

మొక్కజొన్న విత్తిన వెంటనే గానీ, రెండు మూడు రోజుల లోపు గానీ అట్రజిన్ 50 శాతం పొడి మందును తేలిక నేలల్లో ఎకరాకు 800 గ్రాములు, బరువు నేలల్లో 1200 గ్రాములు పిచికారి చేయాలన్న సిఫారసు విస్తరణ సిబ్బందికి కంఠోపాఠమే. పంట ఒకటే, కలుపు ఒకటే, మందూ ఒకటే. అయినా ఒక నేలకు మరొక నేల కన్నా ఒకటిన్నర రెట్లు మందు ఎందుకు కావాలన్న ప్రశ్నకు జవాబు అధిశోషణలో ఉంది. చల్లిన మందులో కొంత భాగాన్ని మట్టి రేణువులు తమ ఉపరితలాలపై పట్టి ఉంచుతాయి. మిగిలిన భాగం మాత్రమే నేల నీటిలో కరిగి కలుపు వేరుకు, మొలకెత్తే విత్తనానికి, సూక్ష్మజీవులకు అందుతుంది. వాన పడితే దిగువ పొరలకు జారేది కూడా ఆ భాగమే.

నేల పట్టు ఎక్కువైతే కలుపు చావదు, రైతు పెట్టిన ఖర్చు వృథా అవుతుంది. పట్టు తక్కువైతే పైరు దెబ్బతింటుంది, మందు వేరు మండలం దాటి బావి నీటిని చేరుతుంది. చాలాకాలం నిలిచి ఉండే మందైతే తరువాతి పంటను కూడా బాధిస్తుంది. కాబట్టి అధిశోషణ అంచనా ప్రయోగశాలకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. మోతాదు నిర్ణయానికీ, పంటల సరళికీ, తాగునీటి భద్రతకూ అదే ఆధారం. అయితే పుస్తకాల్లో దొరికే అధిశోషణ అంకెలు చాలావరకు సమశీతోష్ణ దేశాల నేలలపై కొలిచినవి. వాటిని ఎర్ర చల్కా నేలకు, నల్లరేగడికి యథాతథంగా అన్వయించడం ఎంతవరకు సమంజసమో పరిశీలించవలసి ఉంది.

నేల పట్టుకునే మార్గాలు

నేలకు పట్టి ఉంచే శక్తి ఉందన్న సంగతి 19వ శతాబ్దపు మధ్యకాలంలోనే ప్రయోగపూర్వకంగా తేలింది. ఇంగ్లండులో థాంప్సన్ అమ్మోనియం సల్ఫేట్ ద్రావణాన్ని మట్టి గుండా పంపగా, అడుగున కాల్షియం సల్ఫేట్ వెలువడింది. అమ్మోనియాను నేల ఉంచుకుని, దానికి బదులు కాల్షియాన్ని విడిచింది. ఈ పరిశీలనను థాంప్సన్, దానిని విస్తరించిన అధ్యయనాన్ని జె. థామస్ వే 1850లో ప్రచురించారు. ఎరువుల రసాయన శాస్త్రానికి పునాది వేసిన ఆ ఆలోచనే తరువాతి కాలంలో పురుగు మందులకు, కలుపు మందులకు విస్తరించింది. కాకపోతే సేంద్రియ రసాయనాల విషయంలో నేల పట్టు ఒకే మార్గంలో జరగదు. ముఖ్యంగా నాలుగు రకాలను గుర్తించవచ్చు.

మొదటిది, సేంద్రియ పదార్థంలో ఇమిడిపోవడం. నీటిలో సరిగా కరగని, విద్యుదావేశం లేని పెండిమిథాలిన్, క్లోరిపైరిఫాస్ వంటివి నీటిని వదిలి నేలలోని హ్యూమస్‌లోకి చేరతాయి. ఇక్కడ సేంద్రియ కర్బనం శాతమే ప్రధానం.

రెండవది, ధనావేశ మార్పిడి. పారాక్వాట్ అణువుకు రెండు ధనావేశాలు ఉంటాయి. రుణావేశం గల బంకమట్టి రేణువులు, ముఖ్యంగా నల్లరేగడిలోని స్మెక్టైట్ ఖనిజపు పొరలు, దానిని గట్టిగా బంధిస్తాయి. బురద నీటితో కలిపిన పారాక్వాట్ పని చేయకపోవడానికి కారణం ఇదే. మందు కలుపు ఆకును చేరకముందే డ్రమ్ములోనే మట్టికి అంటుకుపోతుంది.

మూడవది, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లతో బంధం. గ్లైఫోసేట్‌లోని ఫాస్ఫోనేట్ భాగం ఈ ఆక్సైడ్ల ఉపరితలాలకు భాస్వరం మాదిరిగానే అతుక్కుంటుంది. ఎర్ర నేలల రంగుకు కారణమైన ఇనుప ఆక్సైడ్లే గ్లైఫోసేట్‌కు ఆశ్రయం. రెండూ ఒకే స్థానాల కోసం పోటీ పడతాయి కనుక, భాస్వరం ఎక్కువగా పేరుకున్న నేలలో గ్లైఫోసేట్‌కు పట్టు తగ్గవచ్చు.

నాలుగవది, నేల ఉదజని సూచికపై ఆధారపడే బలహీన ఆమ్లాల ప్రవర్తన. 2,4-డి, సల్ఫోనైల్ యూరియాలు, ఇమాజెథాపిర్ వంటివి తటస్థ, క్షార నేలల్లో రుణావేశం పొందుతాయి. బంకమట్టికీ రుణావేశమే ఉండడం వల్ల వికర్షణ కలిగి, మందు ఎక్కువగా నీటిలోనే ఉండిపోతుంది. బంకమట్టి ఎక్కువగా ఉన్న బరువు నేల అన్ని మందులనూ గట్టిగా పట్టుకుంటుందన్న సాధారణ అభిప్రాయం ఇక్కడ చెల్లదు. ఉదజని సూచిక 8 దాటిన నల్లరేగడిలో ఈ వర్గపు మందులకు పట్టు స్వల్పం.

ఈ నాలుగు మార్గాలను గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. నేల పట్టు అనేది మందుకు మాత్రమే చెందిన గుణం కాదు, నేలకు మాత్రమే చెందినదీ కాదు. అది ఒక మందు, ఒక నేల కలిసినప్పుడు ఏర్పడే సంబంధం.

రెండు గుణకాలు

ఈ సంబంధాన్ని అంకెలో చెప్పేది వితరణ గుణకం. శాస్త్ర గ్రంథాల్లో దీనిని కేడీ అంటారు.

కేడీ = నేల పట్టుకున్న మందు (మి.గ్రా./కిలో) ÷ నీటిలో మిగిలిన మందు (మి.గ్రా./లీ.)

దీని ప్రమాణం లీటర్లు/కిలో. ఉదాహరణకు, 5 గ్రాముల మట్టిని లీటరుకు 2 మి.గ్రా. గాఢత గల 25 మి.లీ. ద్రావణంతో కలిపి కుదిపిన తరువాత నీటిలో గాఢత 1.5 మి.గ్రా.కు తగ్గిందనుకుంటే, తగ్గిన 0.5 మి.గ్రా./లీ. అంటే 25 మి.లీ.లో 0.0125 మి.గ్రా. ఇది 5 గ్రాముల మట్టికి చేరింది కాబట్టి కిలోకు 2.5 మి.గ్రా. అవుతుంది. కేడీ విలువ 2.5 ÷ 1.5, అంటే సుమారు 1.67.

సేంద్రియ పదార్థమే ప్రధానంగా పట్టుకునే మందుల విషయంలో కేడీని సేంద్రియ కర్బనపు వంతుతో భాగించి కేఓసీ అనే రెండవ గుణకాన్ని రాబడతారు. నేల మారినా ఈ విలువ పెద్దగా మారదన్నది దీని వెనుక ఉన్న ఊహ. అట్రజిన్‌కు కేఓసీ సుమారు 100, పెండిమిథాలిన్‌కు 17,000 ప్రాంతంలో ఉంటుందని ప్రామాణిక పట్టికలు చూపుతాయి. ఈ రెండు అంకెలే ఆ మందుల స్వభావంలోని అంతరాన్ని తెలుపుతాయి.

కేఓసీ నుంచి తిరిగి స్థానిక నేలకు కేడీని లెక్కించినప్పుడు అసలు విషయం బయటపడుతుంది. అట్రజిన్ కేఓసీ 100 అనుకుంటే, సేంద్రియ కర్బనం 2 శాతం ఉన్న సమశీతోష్ణ మండల నేలలో కేడీ 2.0. అదే 0.4 శాతం కర్బనం ఉన్న ఎర్ర ఇసుక నేలలో 0.4 మాత్రమే. ఈ తేడా నేలలో మందు కదలికను ఎలా మారుస్తుందో చిన్న లెక్కతో చూడవచ్చు. నీటితో పోలిస్తే మందు ఎన్ని రెట్లు నెమ్మదిగా కదులుతుందో తెలిపే గుణకం ఇది:

నెమ్మది గుణకం = 1 + (నేల సాంద్రత ÷ తేమ ఘనపరిమాణ వంతు) × కేడీ

సాంద్రత 1.5, తేమ 0.3 అనుకుంటే, మొదటి నేలలో ఇది 11, రెండవ నేలలో 3. వాన నీరు 60 సెం.మీ. లోతుకు దిగితే, మొదటి నేలలో మందు సగటున 5.5 సెం.మీ. దగ్గరే ఆగుతుంది; ఎర్ర నేలలో 20 సెం.మీ. వరకు దిగుతుంది. మందు ఒకటే, వాన ఒకటే. మారింది నేల పట్టు మాత్రమే.

మోతాదు తేడాకు కారణం కూడా ఈ లెక్కలోనే దొరుకుతుంది. ఎకరాకు 800 గ్రాముల అట్రజిన్ పొడి అంటే హెక్టారుకు దాదాపు ఒక కిలో క్రియాశీల పదార్థం. 1200 గ్రాములంటే ఒకటిన్నర కిలోలు. అది పై 10 సెం.మీ. మట్టిలో సమంగా కలిసిందనుకుంటే, కేడీ 0.4 ఉన్న తేలిక నేలలో కిలో మందుకు నేల నీటి గాఢత లీటరుకు 1.1 మి.గ్రా. వస్తుంది. బరువు నేలలో కేడీ 1.0 అనుకుంటే, ఒకటిన్నర కిలోలు వేసినా గాఢత 0.83 మి.గ్రా. మాత్రమే. అంటే మోతాదు పెంచిన తరువాత కూడా కలుపుకు అందే మందు తేలిక నేల కన్నా తక్కువే. పొరపాటున బరువు నేల మోతాదును తేలిక నేలలో వేస్తే గాఢత దాదాపు 1.7 మి.గ్రా.కు చేరుతుంది. పైరు మొలక ఆ అదనపు భారాన్ని మోయవలసి వస్తుంది.

ప్రయోగశాలలో కొలిచే విధానం

అధిశోషణ కొలతకు అంతర్జాతీయంగా అనుసరించే పద్ధతిని ఓఈసీడీ 106వ మార్గదర్శకం వివరిస్తుంది. దీని ప్రస్తుత రూపం 2000 సంవత్సరంలో ఆమోదం పొందింది. దీనిని సమతాస్థితి పద్ధతి అంటారు. ప్రధానమైన అంచెలు ఇవి:

1. మట్టిని గాలికి ఆరబెట్టి 2 మి.మీ. జల్లెడ పట్టాలి. ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, బంకమట్టి శాతం, ధనావేశ మార్పిడి సామర్థ్యం ముందుగా కొలిచి నమోదు చేయాలి. ఈ నాలుగూ లేని కేడీ విలువ ఇతరులకు ఉపయోగపడదు.

2. మందు ద్రావణాన్ని స్వేదన జలంతో కాక 0.01 మోలార్ కాల్షియం క్లోరైడ్ ద్రావణంతో తయారు చేయాలి. నేల నీటిలోని లవణ స్థాయికి ఇది దగ్గరగా ఉంటుంది. బంకమట్టి నీటిలో తేలియాడకుండా అడుగుకు చేరడానికీ తోడ్పడుతుంది.

3. మట్టి, ద్రావణం నిష్పత్తిని ముందస్తు పరీక్షతో నిర్ణయించాలి. వేసిన మందులో కనీసం 20 శాతం, వీలైతే 50 శాతానికి మించి నేలకు చేరేలా నిష్పత్తి ఉండాలి.

4. స్థిర ఉష్ణోగ్రతలో కుదుపుతూ వివిధ సమయాల్లో గాఢతను కొలిచి, మార్పు ఆగిపోయిన సమతాస్థితి సమయాన్ని గుర్తించాలి. చాలా మందులకు ఇది 24 నుంచి 48 గంటల లోపే ఉంటుంది.

5. సెంట్రిఫ్యూజ్ చేసి, పై ద్రావణంలోని మందును కొలవాలి. మట్టి లేని గొట్టం, మందు లేని మట్టి గొట్టం రెండింటినీ సరిచూపు నమూనాలుగా తప్పక ఉంచాలి.

6. చివరి దశలో కనీసం ఐదు గాఢతలతో, గరిష్ఠ, కనిష్ఠ గాఢతల మధ్య నూరు రెట్ల అంతరం ఉండేలా అధిశోషణ వక్రరేఖను రాబట్టాలి. ఆ తరువాత తాజా ద్రావణంతో విడుదలను కొలవాలి.

కొలతలో దాగి ఉన్న దోషాలు

పద్ధతి తేలికగా కనిపించినా, తక్కువ కర్బనం ఉన్న నేలల్లో దీని ఫలితాలు సులభంగా తప్పుదారి పట్టిస్తాయి. అందుకు ప్రధాన కారణం నిష్పత్తి ఎంపిక. కేడీ 0.4 ఉన్న ఎర్ర నేలను అలవాటుగా వాడే 1:5 నిష్పత్తిలో పరీక్షిస్తే, వేసిన మందులో 7 శాతం మాత్రమే నేలకు చేరుతుంది. గాఢత కొలతలో పరికరం దోషం 3 శాతం ఉందనుకుంటే, లెక్కించిన కేడీ 0.24 నుంచి 0.57 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. అదే మట్టిని 1:1 నిష్పత్తిలో పరీక్షిస్తే 29 శాతం నేలకు చేరుతుంది; అంతే దోషానికి కేడీ 0.36, 0.44 మధ్యనే ఉంటుంది. పరికరాన్ని మార్చకుండా, నిష్పత్తిని మార్చినంత మాత్రాన ఫలితం విశ్వసనీయత ఇంతగా పెరుగుతుంది. విద్యార్థుల పరిశోధన గ్రంథాలను పరిశీలించేటప్పుడు ముందుగా చూడవలసింది ఈ శాతాన్నే.

పెండిమిథాలిన్ వంటి మందుల్లో సమస్య తలకిందులవుతుంది. 0.4 శాతం కర్బనం ఉన్న నేలలో కూడా దీని కేడీ 68 వరకు రావచ్చు. 1:5 నిష్పత్తిలో 93 శాతం నేలకు చేరి, నీటిలో మిగిలేది కొలవలేనంత స్వల్పమవుతుంది. ఇక్కడ 1:25, అవసరమైతే 1:100 నిష్పత్తి తీసుకోవాలి. నీటిలో ఈ మందు ద్రావణీయత లీటరుకు సుమారు 0.3 మి.గ్రా. మాత్రమే కాబట్టి పరీక్ష గాఢత అంతకన్నా బాగా తక్కువగా ఉండాలి. లేకపోతే కరగక అడుగుకు చేరిన మందును కూడా నేల పట్టుకున్నట్లు లెక్కించే ప్రమాదం ఉంది. ఇటువంటి మందులు ప్లాస్టిక్ గొట్టాల గోడలకూ అంటుకుంటాయి. గాజు లేదా టెఫ్లాన్ పాత్రలు వాడాలి. మట్టి లేని గొట్టంలో గాఢత తగ్గిందంటే దోషం పాత్రలోనే ఉన్నదని గ్రహించాలి.

మూడవ దోషం విచ్ఛిన్నం. నీటిలో గాఢత తగ్గడానికి నేల పట్టుకోవడమే కారణం కానవసరం లేదు. కుదుపుతున్న గంటల్లో సూక్ష్మజీవులు గానీ, జలవిశ్లేషణ గానీ మందును నాశనం చేసి ఉండవచ్చు. నీటి కొలతపై మాత్రమే ఆధారపడితే ఆ నష్టమంతా అధిశోషణగా నమోదై, కేడీ అసలు కన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఆ అంకెను నమ్మితే బావులకు ప్రమాదం లేదన్న తప్పుడు భరోసా కలుగుతుంది. అందుకే మట్టిలోని మందును కూడా ద్రావణితో వెలికితీసి కొలిచి, వేసిన మొత్తం, దొరికిన మొత్తం సరిపోయాయో లేదో చూడాలి. 90 శాతానికి తక్కువ దొరికితే నీటి కొలతతో మాత్రమే లెక్కించిన ఫలితాన్ని అంగీకరించరాదు.

గాఢత పెరిగితే పట్టు తగ్గుతుంది

కేడీ ఒక స్థిర సంఖ్య కాదు. మందు గాఢత పెరిగేకొద్దీ నేలలోని మంచి స్థానాలు ముందుగా నిండిపోతాయి. ఆ తరువాత వచ్చే మందుకు దొరికే పట్టు బలహీనం. ఈ వంపును ఫ్రాయిండ్లిక్ సమీకరణం చక్కగా వర్ణిస్తుంది. నేల పట్టుకున్న పరిమాణం నీటి గాఢత యొక్క ఒక ఘాతానికి అనులోమంగా ఉంటుందని అది చెబుతుంది. ఆ ఘాతం విలువ చాలా మందులకు 0.7, 1.0 మధ్య ఉంటుంది. ఒకటికి సమానమైతే రేఖ సరళం. తగ్గేకొద్దీ వంపు ఎక్కువ.

ఘాతం 0.8 అనుకుని, గాఢతను లీటరుకు 0.1 నుంచి 10 మి.గ్రా.కు పెంచితే కేడీ మొదటి విలువలో 40 శాతానికి పడిపోతుంది. ఈ లెక్కకు పొలంలో నేరుగా అన్వయం ఉంది. పొలమంతటా పలుచగా పరుచుకున్న మందును నేల బాగానే పట్టుకోవచ్చు. కానీ బావి గట్టున మందు కలిపే చోట, స్ప్రేయర్లు కడిగే చోట, డబ్బాలు ఒలికిన చోట గాఢత వేల రెట్లు ఎక్కువ. అక్కడ నేల పట్టు తక్కువ, దిగే నీరు ఎక్కువ, బావికి దూరం అడుగుల్లోనే. మందు కలిపే స్థలం నీటి వనరుకు దూరంగా ఉండాలన్న సలహా వెనుక ఉన్న శాస్త్రం ఇదే.

పరిశోధనా ఫలితాలను పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఘాతం విలువలు వేరైన రెండు నేలల ఫ్రాయిండ్లిక్ గుణకాలను నేరుగా పోల్చరాదు. వాటి ప్రమాణాలే వేరు. ఒకే గాఢత వద్ద కేడీని లెక్కించి అప్పుడు పోల్చాలి.

నేలను చూడని సూచిక

భూగర్భ జలాలకు మందుల వల్ల కలిగే ముప్పును అంచనా వేయడానికి గుస్టాఫ్‌సన్ 1989లో ప్రతిపాదించిన సూచిక విస్తృతంగా వాడుకలో ఉంది.

సూచిక = లాగ్ (నేలలో అర్ధాయువు, రోజుల్లో) × (4 − లాగ్ కేఓసీ)

విలువ 2.8 దాటితే మందు దిగువకు జారే స్వభావం గలది, 1.8 కన్నా తక్కువైతే జారనిది, మధ్యలోవి సందిగ్ధమైనవి. అట్రజిన్‌కు అర్ధాయువు 60 రోజులు, కేఓసీ 100 తీసుకుంటే సూచిక 3.56 వస్తుంది. పెండిమిథాలిన్‌కు అర్ధాయువు 100 రోజులు తీసుకున్నా విలువ సున్నా కన్నా దిగువనే ఉంటుంది. అట్రజిన్ విషయంలో ఈ హెచ్చరిక ఆచరణలో నిజమైంది. భూగర్భ జలాల్లో దాని అవశేషాలు లీటరుకు 0.1 మైక్రోగ్రాము పరిమితిని మించుతున్నందున ఐరోపా సమాఖ్య 2004లో దానికి అనుమతి నిరాకరించింది.

మందులను ఒకదానితో ఒకటి పోల్చడానికి ఈ సూచిక చాలు. పొలాలను పోల్చడానికి మాత్రం అది పనికిరాదు. సమీకరణంలో ఉన్నది కేఓసీ. నేల కర్బనం శాతానికి అందులో చోటు లేదు. పట్టికలోని విలువలతో లెక్కిస్తే రెండు శాతం కర్బనం ఉన్న నేలకూ, 0.3 శాతం ఉన్న దుబ్బ నేలకూ ఒకే అంకె వస్తుంది. పైగా కర్బనం మరీ తక్కువైన చోట కేఓసీ వెనుక ఉన్న ఊహే బలహీనపడుతుంది. అక్కడ బంకమట్టి, ఆక్సైడ్ల వంతు పెరిగి, పట్టును కర్బనంతో మాత్రమే వివరించడం సాధ్యం కాదు. గ్లైఫోసేట్, పారాక్వాట్, బలహీన ఆమ్లాల విషయంలోనైతే కేఓసీకి మొదటి నుంచీ అర్థం తక్కువే. తెలుగు రాష్ట్రాల్లో చల్కా, దుబ్బ, నల్లరేగడి, డెల్టా ఒండ్రు, తీర ప్రాంతపు ఇసుక నేలలు పక్కపక్కనే ఉన్నాయి. ఒక్కొక్క నేల వర్గానికి ప్రధాన మందుల కేడీని కొలిచి నమోదు చేస్తే తప్ప మోతాదు సిఫారసులకు గట్టి పునాది ఏర్పడదు.

పట్టుకోవడం వేరు, నాశనం వేరు

అధిశోషణ ఎక్కువగా ఉన్నంత మాత్రాన మందు సురక్షితమని భావించరాదు. నేల పట్టులో ఉన్న మందు సూక్ష్మజీవులకు కూడా అందదు. పారాక్వాట్ కలుపుపై తన పని ముగించి మట్టిని తాకగానే నిర్వీర్యమైనట్లు కనిపిస్తుంది; కానీ బంకమట్టి పొరల్లో ఏళ్ల తరబడి అలాగే నిలిచి ఉంటుంది. ఇమాజెథాపిర్ వర్గం మరొక పాఠం చెబుతుంది. ఆమ్ల నేలల్లో దాని పట్టు ఎక్కువ. అందువల్లనే అక్కడ కుళ్లడం నెమ్మదించి తరువాతి పంటకు మిగిలే అవకాశం ఎక్కువ. సల్ఫోనైల్ యూరియాలు ఇందుకు విరుద్ధం. ఆమ్ల నేలల్లో జలవిశ్లేషణ వేగంగా జరుగుతుంది. క్షార నేలల్లో అది నెమ్మదించి, పట్టు లేకపోయినా మందు ఎక్కువకాలం నిలుస్తుంది. అంటే అధిశోషణ విలువను అర్ధాయువుతో, నేల ఉదజని సూచికతో కలిపి చదవాలే తప్ప విడిగా కాదు.

కాలం కూడా పట్టును మారుస్తుంది. నేలలో నెలల తరబడి ఉన్న మందు రేణువుల లోపలి రంధ్రాల్లోకి చేరి, విడుదలకు లొంగదు. 24 గంటల పరీక్షలో వచ్చిన కేడీ అటువంటి పాత అవశేషాల పట్టును తక్కువగా చూపుతుంది. దీనికి విరుద్ధమైన పరిస్థితి పిచికారి చేసిన రోజునే కుండపోత వాన పడినప్పుడు ఎదురవుతుంది. నీరు వేగంగా కదిలినప్పుడు సమతాస్థితికి వ్యవధి ఉండదు. వేసవిలో నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉన్నప్పుడు తొలకరి నీరు ఆ నెర్రెల గుండా మట్టి ముద్దలను తాకకుండానే లోతుకు పోతుంది. ప్రయోగశాలలో మట్టిని జల్లించి కుదిపి కొలిచిన పట్టు ఆ నీటికి వర్తించదు. బరువు నేల కాబట్టి బావికి భయం లేదని చెప్పే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

పశువుల ఎరువు, బయోచార్ వంటి సేంద్రియ పదార్థాలను చేర్చితే పట్టు పెరుగుతుంది. బయోచార్ విషయంలో ఈ ప్రభావం బలంగా ఉండి, నేలపై చల్లే కలుపు మందు సామర్థ్యం తగ్గవచ్చు. బయోచార్ వాడిన పొలంలో కలుపు చావలేదని ఫిర్యాదు వస్తే మందు నాణ్యతను శంకించే ముందు నేల పట్టును పరిశీలించడం న్యాయం.

విస్తరణ సిబ్బందికి, విద్యార్థులకు

ప్రతి మండలంలోనూ ద్రవ క్రోమటోగ్రఫీ పరికరం ఉండదు. అయినా కొన్ని పనులు వెంటనే చేపట్టవచ్చు.

● భూసార పరీక్ష పత్రంలోని సేంద్రియ కర్బనం, ఉదజని సూచిక విలువలను ఎరువుల సిఫారసుకే పరిమితం చేయకుండా, కలుపు మందు ఎంపికకూ వాడాలి. కర్బనం 0.5 శాతానికి తక్కువైన తేలిక నేలల్లో నేలపై చల్లే మందులకు తేలిక నేల మోతాదునే ఖచ్చితంగా పాటించాలి.

● భారీ వాన సూచన ఉన్నప్పుడు, పట్టు తక్కువైన మందుల పిచికారిని వాయిదా వేయాలని సూచించాలి.

● తరువాతి పంటకు అవశేషాల భయం ఉంటే సూచిక మొక్కల పరీక్ష చేయాలి. మందు చల్లిన పొలం నుంచీ, మందు పడని సమీప స్థలం నుంచీ పై 15 సెం.మీ. మట్టిని వేర్వేరుగా సేకరించి కుండీల్లో నింపాలి. అట్రజిన్‌కు దోస, ఆవ వంటి సున్నితమైన పంటల విత్తనాలు వేసి రెండు మూడు వారాలు పెరుగుదలను పోల్చాలి. మందు పొలం మట్టిలో కొంత భాగానికి ఉత్తేజిత బొగ్గు కలిపి మూడవ కుండీ పెడితే నిర్ధారణ మరింత బలపడుతుంది. బొగ్గు కలిపిన కుండీలో మొక్క కోలుకుంటే దోషం మందు అవశేషానిదే. ఈ పరీక్ష మొత్తం అవశేషాన్ని కాక, మొక్కకు అందే భాగాన్ని చూపుతుంది. రైతుకు కావలసింది కూడా అదే.

● పరిశోధక విద్యార్థులు స్థానిక నేల వర్గాలను పేర్కొంటూ, మట్టి–ద్రావణం నిష్పత్తి, నేలకు చేరిన శాతం, మందు లెక్క సరిపోయిన శాతం తప్పక ప్రకటించాలి. ద్రావణితో తీసిన మొత్తం అవశేషంతో పాటు, కాల్షియం క్లోరైడ్ ద్రావణంలోకి విడుదలయ్యే భాగాన్ని కూడా కొలిస్తే పొలం పరిస్థితికి దగ్గరగా ఉంటుంది.

800 గ్రాములు, 1200 గ్రాములు అన్న రెండు అంకెలు నేల పట్టును రెండే రెండు తరగతులుగా విభజించాయి. అనుభవం నుంచి వచ్చిన ఆ విభజన ఇప్పటివరకు రైతుకు మేలు చేసింది. కానీ తేలిక, బరువు అన్న మాటలు బంకమట్టిని మాత్రమే తెలుపుతాయి. కర్బనాన్ని, ఉదజని సూచికను, ఇనుప ఆక్సైడ్లను చెప్పవు. కొత్త కలుపు మందుల్లో చాలావాటికి నిర్ణాయకం ఈ మూడే. ఏ మందుకు నేలలోని ఏ గుణం ముఖ్యమో తెలుసుకుని, ఆ గుణాన్ని పొలం స్థాయిలో కొలిచినప్పుడే కలుపుకు చాలినంత, పైరుకు, బావికి హాని కలగనంత మోతాదును రైతుకు నమ్మకంగా చెప్పడం సాధ్యమవుతుంది.